"ఇంకేమైనా ఉందా?" అని అడిగినప్పుడు

చిన్నీ,

నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. రోజలిండ్ ఫ్రాంక్లిన్ రోవర్‌ని అంగారకుడి మీద దించే వేదిక తయారీలో నీకు ఉద్యోగం వచ్చిందని, వచ్చే నెలే ఇంగ్లండ్ ప్రయాణమని చెప్పాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు పెరట్లో కూర్చున్నాను. మన ఇంటి పిల్ల చేయి పడిన వస్తువు ఇంకో గ్రహం నేల మీద నిలబడుతుందంటే కళ్ళు నిండిపోయాయి. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. తెల్లారగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. యూనిట్లు సరిచూసుకో. 1999లో మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నాసా అంగారక నౌక పోయింది ఒకరు పౌండ్లలో, ఇంకొకరు న్యూటన్లలో లెక్క వేసుకున్నందుకే. ఏది రాసినా తేదీ వేసి రాయి. నిద్ర మానుకుని లెక్కలు చూడకు. పొద్దున ఏదో ఒకటి తిని వెళ్ళు.

నా భయం వీటి గురించి కాదు. నువ్వు మెతక పిల్లవి. పెద్దవాళ్ళు ఒక మాటంటే తల దించుకుంటావు. అది తలచుకుంటేనే నాకు గుండె దడ.

1987లో నాకు ఇరవై నాలుగేళ్ళు. విమానంలోంచి పారాచూట్‌తో జారవిడిచే ఒక పరికరాల పెట్టెకి టెస్టులు చేసేదాన్ని. పెట్టె కింద మూడు స్ప్రింగు కాళ్ళు, ఒక్కో కాలికి ఒక స్విచ్. నేల తగలగానే స్విచ్ నొక్కుకుని పారాచూట్‌ని వదిలేయాలి, లేకపోతే గాలికి గొడుగు పెట్టెని ఈడ్చుకుపోతుంది. వైబ్రేషన్ టేబుల్ మీద, అంటే కుదిపి చూసే బల్ల మీద పెట్టి పదకొండుసార్లు నడిపాం. స్విచ్‌ల గీతలు చార్టు కాగితం మీద తిన్నగా నడుస్తున్నాయి. ఏడోసారి మాత్రం రెండో కాలి గీత ఒక్కసారి పైకి లేచి పడింది. వెంట్రుకంత సన్నటి గీత. ఆ కాలిని ఎవరూ ముట్టుకోలేదు.

మా సీనియర్‌కి చూపించాను. "లూజ్ కాంటాక్ట్ అయ్యుంటుందమ్మా, బిగించి మళ్ళీ నడుపు" అన్నారు. బిగించాను. మిగతా నాలుగుసార్లూ రాలేదు. రిజిస్టర్‌లో "కనెక్టర్ వదులు, సరిచేశాం" అని రాసి సంతకం పెట్టాను. నిజానికి ఆ కనెక్టర్ వదులుగా లేదు చిన్నీ. బిగించేటప్పుడు నా వేళ్ళకి తెలిసింది, అది పావు చుట్టు కూడా తిరగలేదు.

మర్నాడు మీటింగ్. పదిహేను మంది ఉన్నారు, అందులో ఆడపిల్లని నేనొక్కదాన్నే. చివర్లో పెద్దాయన అందరి వంకా చూసి "ఇంకేమైనా ఉందా?" అని అడిగారు. ఆ చూపు నా మీద కూడా ఆగింది. చార్టు కాగితం నా ఫైల్లోనే ఉంది. "లేదు సార్" అన్నాను.

జారవిడిచిన రోజు ఆకాశం నిర్మలంగా ఉంది. గొడుగు విచ్చుకోగానే అందరం చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లు ఆగకముందే గొడుగు ఒకవైపు, పెట్టె ఒకవైపు. వేరుశెనగ చేలో పడింది. ఎవరికీ ఏమీ కాలేదు, అది దేవుడి దయ. చేను గలాయన స్ప్రింగు ఒకటి ఏరి తెచ్చి నా చేతిలో పెట్టి "ఇది మీదేనామ్మా?" అని అడిగాడు. పారాచూట్ విచ్చుకునే కుదుపుకి కాలు లోపలికి జరిగి స్విచ్ నొక్కుకుంది. ఆ ఏడోసారి కనిపించిన గీత చెప్పింది అదే. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకంటే ఆ గీత సంగతి మీటింగ్‌లో ఎవరికీ తెలియదు.

పన్నెండేళ్ళ తర్వాత, 1999 డిసెంబర్ 3న, మార్స్ పోలార్ ల్యాండర్ అంగారకుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగుతూ మాయమైపోయింది. తర్వాతి ఏడాది విచారణ రిపోర్టు చదివాను. శకలాలు దొరకలేదు కాబట్టి బలమైన అనుమానం మాత్రమే చెప్పారు. దిగేటప్పుడు కాళ్ళు విచ్చుకున్న కుదుపుకి సెన్సర్లు లిప్తపాటు "నేల తగిలింది" అన్నాయి, కంప్యూటర్ ఆ మాట గుర్తు పెట్టుకుంది, ఇంకా 40 మీటర్ల ఎత్తు ఉండగానే ఇంజన్లు ఆపేసింది. నాకు ఒళ్ళు చల్లబడింది. అందులో ఇంకో సంగతి కూడా ఉంది. భూమ్మీద కాళ్ళు విచ్చుకునే టెస్ట్ చేసిన రోజు ఆ సెన్సర్ల వైరింగ్ తప్పుగా ఉంది. తర్వాత వైరింగ్ సరిచేశారు, నేల తగిలే భాగాన్ని మళ్ళీ టెస్ట్ చేశారు. కాళ్ళు విచ్చుకునే భాగం మాత్రం మళ్ళీ చేయలేదు.

నువ్వు చేరుతున్న ఎక్సోమార్స్ అనే యూరప్ అంగారక కార్యక్రమంలోనే స్కియాపరెల్లి అనే ల్యాండర్ దిగబోయి కూలింది కదా, 2016 అక్టోబర్ 19న. పారాచూట్ విచ్చుకున్నప్పుడు అనుకున్నదానికంటే గట్టిగా ఊగింది, తిరుగుడు కొలిచే పరికరం హద్దు దాటి ఒక సెకను అక్కడే ఉండిపోయింది. ఆ ఒక్క సెకనుతో ఎత్తు లెక్క సున్నా కిందికి పోయింది. 3.7 కిలోమీటర్ల పైన ఉండి కూడా నేల మీద ఉన్నాననుకుని గొడుగు వదిలేసింది, ఇంజన్లు మూడు సెకన్లకే ఆపేసింది. అక్కడినుంచి కబురు రావడానికే నిమిషాలు పడుతుంది, మనం "ఆగు" అనే లోపు అంతా అయిపోతుంది. సెన్సర్ ఏది చెబితే నౌకకి అదే నిజం. అందుకే సెన్సర్ ఇక్కడ ఉన్నప్పుడే, మీ టేబుల్ మీద ఉన్నప్పుడే, ఒక్కసారి తేడాగా పలికినా వదలకూడదు.

మీవాళ్ళు వదలని సందర్భం కూడా ఉంది, అది చూసే నాకు కాస్త ధైర్యం. 2019లో స్వీడన్‌లోని కిరునాలో 35 మీటర్ల పారాచూట్ టెస్టుల్లో రెండుసార్లు చిరిగింది. గుడ్డ తెచ్చిన చేటు కాదు, మడిచి పెట్టిన సంచిలోంచి బయటికి లాగేటప్పుడు రాపిడి అని కనిపెట్టి సంచి మార్చారు. అలాంటి వాళ్ళ మధ్యకి వెళ్తున్నావు, నీ నోరు పెగలకపోతే తప్పు నీదే అవుతుంది.

కాదు, నాది అవుతుంది. నీకు ఏడేళ్ళప్పుడు తాతయ్య పాల లెక్క చూస్తున్నారు, జూన్‌కి ముప్పై ఒక్క రోజులు వేశారు. పాలవాడి ముందే "జూన్‌కి ముప్పయ్యే తాతయ్యా" అన్నావు. పెద్దవాళ్ళకి లెక్కలు నేర్పుతావా అని వంటింట్లోకి లాక్కెళ్ళి తొడపాశం పెట్టింది నేను. నువ్వు ఏడవలేదు, తొడ రుద్దుకుంటూ "ముప్పయ్యే అత్తా" అన్నావు, చాలా మెల్లగా. ఆ తర్వాత నువ్వు ఎవరి ముందూ ఎవరి లెక్కా తప్పనలేదు. నన్ను క్షమించు తల్లీ. ఆ పిల్లని నీతో పాటు ఇంగ్లండ్ తీసుకెళ్ళు.

మీటింగ్‌లో నోరు తిరగకపోతే కాగితం మీద రాసి ఇవ్వు. "కారణం తెలియలేదు" అని రాయడానికి సిగ్గుపడకు. నీకు తోచిన ఊహని కారణంగా మాత్రం రాయకు.

ఆ చార్టు కాగితం ముక్క పార్సిల్‌లో పెడుతున్నాను. సిరా వెలిసిపోయింది, కిటికీ దగ్గర పట్టుకుని చూస్తే గీత కనపడుతుంది.

ఆవకాయ కూడా పెడుతున్నాను. రాత్రి సీసా తలకిందులుగా పెట్టి చూస్తే పొద్దునకి ఒక చుక్క నూనె కారింది. మూత మార్చాను. ఇవాళ మళ్ళీ తలకిందులుగా పెట్టాను, రేపు పొద్దున చూసి పంపిస్తాను.

మీ అత్త