అమ్మకు మందులు పనిచేయడం లేదు.. నానో వైద్యం ఉందా?

ప్రశ్న: మా అమ్మకు 63 ఏళ్లు, షుగరు ఉంది. ఏడాదిగా మూత్రంలో ఇన్‌ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తోంది. పోయిన వారం మూత్రం కల్చర్ పరీక్షలో ఈ-కొలై బ్యాక్టీరియా, ఈఎస్‌బీఎల్ రకం అని వచ్చింది. చాలా మందుల పక్కన ‘ఆర్’ (పనిచేయదు) అని ఉంది. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మూడు రోజులు వేస్తే మంట తగ్గింది, ఆపేశాం. నిన్నటి నుంచి చలిజ్వరం, నడుము పక్కన నొప్పి. నానో పార్టికల్స్‌తో మొండి బ్యాక్టీరియాను చంపుతారని చదివాను. ఆ వైద్యం చెన్నైలో ఎక్కడ దొరుకుతుంది? ఆన్‌లైన్‌లో అమ్మే నానో సిల్వర్ చుక్కలు వాడొచ్చా?
- ఓ పాఠకుడు, వేళచ్చేరి

డాక్టర్ సలహా: నానో సంగతి తర్వాత. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి అని చివర్లో రాశారే, అది ముందు రాయాల్సిన మాట. షుగరు ఉన్న ఈ వయసు మనిషిలో ఇన్‌ఫెక్షన్ కిడ్నీకి పాకిందేమోనని అనుమానించాలి. ఇవాళే ఆస్పత్రికి తీసుకెళ్లండి. వాంతులు, మగత, మూత్రం తగ్గడం ఉంటే నేరుగా ఎమర్జెన్సీకి. రక్తం కల్చర్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు పరీక్ష), స్కాన్ అవసరం కావచ్చు. రాయి ఉన్నా, మూత్రం పూర్తిగా ఖాళీ కాకపోయినా ఎంత ఖరీదైన మందు వాడినా ఇన్‌ఫెక్షన్ తిరిగొస్తుంది.

ఈఎస్‌బీఎల్ అంటే చాలా యాంటీబయాటిక్స్‌ను పనిచేయనివ్వని ఎంజైమ్‌ను బ్యాక్టీరియా తయారుచేస్తోందని అర్థం, అసలు మందే లేదని కాదు. మెరోపెనెం లాంటి ఇంజెక్షన్లకు ఈ బ్యాక్టీరియాలు చాలావరకు లొంగుతాయి. రిపోర్టులో నైట్రోఫ్యూరాంటాయిన్ అనే మందు పక్కన ‘ఎస్’ (పనిచేస్తుంది) ఉందని మీరే కొనేయకండి. అది మూత్రాశయం వరకే, కిడ్నీకి పాకితే చాలదు.

ఇక ఆ మిగిలిన మాత్రలు! మంట తగ్గితే బ్యాక్టీరియా చచ్చినట్టు కాదండీ. బలహీనమైనవి పోయి, మందును తట్టుకునేవి మిగులుతాయి. ఎన్ని రోజులు వాడాలన్నది మందును బట్టి, ఇన్‌ఫెక్షన్ ఉన్న చోటును బట్టి డాక్టరు చెప్పాలి. యాంటీబయాటిక్స్ విచ్చలవిడి వాడకాన్ని ఆపాలని 2012లో మీ ఊళ్లోనే వైద్య సంఘాలు కూర్చుని ‘చెన్నై డిక్లరేషన్’ తెచ్చాయి. 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 అనే ప్రభుత్వ నిబంధన కింద చాలా యాంటీబయాటిక్స్‌కు చీటీ చూసి, రిజిస్టర్‌లో రాసుకునే అమ్మాలి. షాపువాళ్లను ఎలాగూ తిడతాం, ఇంట్లో డబ్బాలో దాచుకునే స్ట్రిప్పుల మాటేమిటి?

నానో వెండి కణాలు బ్యాక్టీరియా పొరను దెబ్బతీస్తాయన్నది నిజమే. కాలిన గాయాలకు అలాంటి డ్రెస్సింగులు వాడుతున్నాం కూడా. లైపోసోమ్ అనే అతి చిన్న కొవ్వు బుడగల్లో నింపిన అమికాసిన్ అనే యాంటీబయాటిక్‌కు 2018లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, కానీ అది ఒక రకం మొండి ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్‌కు పీల్చే మందు. మీ అమ్మగారి జబ్బుకు మేం మామూలుగా రాసే నానో మందు లేదు. ఆ చుక్కలు మాత్రం వద్దు. తాగిన వెండి ఒంట్లో పేరుకుంటే చర్మం నీలిబూడిద రంగుకు తిరుగుతుంది, అది సాధారణంగా మళ్లీ పోదు. ఆ వెండి కొన్ని యాంటీబయాటిక్స్ ఒంటికి పట్టకుండా కూడా చేస్తుంది.

రోగిని చూడకుండా రాస్తున్నాను కాబట్టి, చూసిన డాక్టరు మాటే ఫైనల్. వెళ్లేటప్పుడు పాత కల్చర్ రిపోర్టులు, వాడిన స్ట్రిప్పులు, షుగరు మాత్రలు అన్నీ పట్టుకెళ్లండి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి ఉంటే తప్పక చెప్పండి, జ్వరంలో వాటిని ఆపాల్సి రావచ్చు. ఈలోగా నొప్పి మాత్రలు సొంతంగా వేయకండి.