సదస్సు వార్త రాయబోతున్న మేనకోడలికి

ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

అమ్ములూ,

"ఏటా కలుస్తారు, ఫొటో దిగుతారు, వెళ్లిపోతారు. ఇందులో రాయడానికేముంది అత్తా?" అని నువ్వు ఫోన్‌లో అన్న మాట రాత్రంతా గుర్తొస్తూనే ఉంది. పేపర్లో చేరిన మొదటి ఏడాదే ప్రపంచ నాయకుల సదస్సులు నీకు అప్పగిస్తే టెన్షన్ పడటం సహజమే. ముప్పై ఏళ్లు రాజనీతిశాస్త్రం చెప్పినదాన్ని కదా, నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు ఏ సభకు ఎంత అధికారం ఉందో తేల్చుకో. సెప్టెంబరులో న్యూయార్క్‌లో మొదలయ్యే ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశంలో 193 దేశాలకూ తలా ఒక ఓటు. అయినా అక్కడి తీర్మానాలను చాలావరకు ఏ దేశమూ పాటించి తీరాలని లేదు. పెద్ద ఆర్థిక వ్యవస్థల కూటమి జీ20కి సొంత ఆఫీసే లేదు. "జీ20 ఆదేశించింది" అని పొరపాటున కూడా రాయకు. వాతావరణ సదస్సు దారి వేరు. వాతావరణ మార్పుపై 1992లో కుదిరిన ఒప్పందంలో చేరిన దేశాలన్నీ ఏటా కూర్చుని లెక్క చూసుకుంటాయి. అందరూ సరేనంటేనే అక్కడ ఒక వాక్యం నిలబడుతుంది.

2023 మార్చి 28, 29 తేదీల్లో మన ఊళ్లో జరిగిన జీ20 సమావేశం గుర్తుందా? బీచ్ రోడ్డు ముస్తాబు చూసి దేశాధినేతలే వస్తున్నారనుకున్నారు చాలామంది. వచ్చింది మౌలిక వసతుల బృందం అధికారులు. నగరాలకు కావలసిన డబ్బు ఎలా సమకూర్చాలన్నది వాళ్ల చర్చ. అలా 60 నగరాల్లో 200కు పైగా సమావేశాలు జరిగాక, సెప్టెంబరు 9న ఢిల్లీ ప్రకటన వచ్చింది. నాయకుల రెండు రోజుల వెనక అంత పని ఉంటుంది. ప్రతి దేశానికీ ఆ బేరాలు చూసే అధికారి ఒకరుంటారు, షెర్పా అంటారు. నాయకుడి ప్రసంగం కన్నా షెర్పా మాటలకే ఎక్కువ చెవి ఒగ్గు.

ఇక ప్రకటన చదవడం. అసలు పని ఇదే. క్రియల మీద కన్నెయ్యి. "గుర్తిస్తున్నాం", "స్వాగతిస్తున్నాం" అంటే ఎవరి మీదా ఏ భారమూ పడలేదని అర్థం. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సు ముసాయిదాలో బొగ్గు కరెంటును పూర్తిగా మానేయడం అని ఉంది. చివరి గంటల్లో మన దేశం పట్టుబట్టడంతో అది తగ్గించుకుంటూ రావడంగా మారింది. సదస్సు అధ్యక్షుడు అలోక్ శర్మకు గొంతు పూడుకుపోయింది. పరవాడలో బొగ్గు మండితే వెలిగే దీపం కింద కూర్చుని, రేపే ఆపెయ్యండని నేను అనలేను. కానీ సముద్రం మింగేస్తుందని భయపడే చిన్న ద్వీపాలవాళ్లు ఆ మాట మారినందుకు ఎంత బాధపడ్డారో కూడా చదివాను. ఇద్దరి మాటా రాయి. రెండేళ్ల తర్వాత దుబాయిలో బొగ్గు, చమురు, గ్యాస్ అన్నిటి నుంచీ మళ్లాలన్న మాట మొదటిసారి ప్రకటనలోకి ఎక్కింది.

డబ్బు మాట వస్తే అంకె, గడువు, ఇచ్చేవాడు, మూడూ చూడు. వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి పేద దేశాలకు ఏటా 10 వేల కోట్ల డాలర్లు 2020 కల్లా సమకూరుస్తామని 2009లో కోపెన్‌హాగెన్‌లో ధనిక దేశాలు మాటిచ్చాయి. ఆ అంకె అందింది 2022లో, అదీ ఎక్కువ భాగం అప్పుగా. ఏటా కలుస్తారు కాబట్టే, మాట ఏమైందని పేద దేశాలవాళ్లు ఏటా నిలదీయగలిగారు. సముద్రమట్టం పెరగడం వంటి వాతావరణ నష్టాలకు సాయం కావాలని ద్వీప దేశాలు 1991 నుంచి అడిగితే, నిధి పెట్టాలన్న నిర్ణయం 2022లో ఈజిప్టులో జరిగింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక, పెదజాలరిపేటలో విరిగిపోయిన పడవ పక్కన కూర్చున్న ఒకాయన్ని చూశాను. ఆ నిధి గురించి చదివినప్పుడల్లా ఆయన ముఖమే కనిపిస్తుంది. ముప్పై ఏళ్లు ఆలస్యమని నువ్వు గట్టిగానే రాయాలి.

అన్నీ ఇలాగే ఉండవులే. ఓజోన్ పొర కోసం 1987లో చేసుకున్న మాంట్రియల్ ఒప్పందంలో ప్రపంచ దేశాలన్నీ చేరాయి. ఏటా కలిసి గడువులు బిగించుకుంటూ వచ్చాయి, పేద దేశాలకు విడిగా నిధి పెట్టాయి. ఇప్పుడు ఆ పొర కోలుకుంటోంది. ఆ పొరను దెబ్బతీసే, ఒకప్పుడు ఫ్రిజ్‌లలో వాడిన వాయువులకు బదులు వేరేవి దొరికాయి కాబట్టి అది కాస్త తేలికైంది. బొగ్గుకు అంత సులువు లేదు.

నవంబరులో వాతావరణ సదస్సు ప్రకటన రాగానే నిరుటిదాన్ని దాని పక్కన పెట్టుకుని, మారిన ప్రతి మాట కిందా గీత గియ్యి. తర్వాతే రాయడం మొదలుపెట్టు. అర్ధరాత్రయినా సరే, ఆ గీతలు గీసిన కాగితాలు ఫొటో తీసి నాకు పంపు. మేలుకునే ఉంటాను.

మీ అత్త