పాప మోచేతికి మూడు లక్షల ఎఫ్‌డీ అవసరమా?

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. ఉయ్యాల మీంచి పడి కుడి మోచేతిలో లేటరల్ కాండైల్ (మోచేతి బయటివైపు ఎముక కొన) విరిగితే సర్జరీ చేసి రెండు వైర్లు వేశారు. బిల్లు మా కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో అయింది. ఎదుగుదల ఆగేదాకా చూపిస్తూ ఉండాలన్నారు. నేను రెండు నెలల్లో ఉద్యోగం మారుతున్నాను. పాప చేతి వైద్యం ఖర్చులకు 3 లక్షలు ఎఫ్‌డీ చేయాలా, ఏజెంటు చెప్పిన చైల్డ్ ప్లాన్ తీసుకోవాలా? - ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: చైల్డ్ ప్లాన్ వద్దు. అది యులిప్ (ఇన్సూరెన్స్‌తో మార్కెట్ పెట్టుబడి కలిపిన పాలసీ) అయితే అయిదేళ్లు డబ్బు కదలదు. పాప చెయ్యి అంతవరకూ ఆగుతుందని చెప్పలేం కదా!

దగ్గర్లో ఉన్న ఖర్చులు చిన్నవే. వైర్లు సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల్లో తీసేస్తారు. డిశ్చార్జి తర్వాత 60 రోజుల ఖర్చులు చాలా పాలసీలు ఇస్తాయి. మీ దాంట్లో ఎన్ని రోజులో హెచ్ఆర్‌ని అడగండి. ఉద్యోగం వదిలేలోపే ఆ బిల్లులు పెట్టేయండి. ఫిజియోథెరపీ క్లెయిం చేయాలంటే ఎన్ని సెషన్లో డాక్టర్ చీటీలో తేదీతో రాసి ఉండాలి, లేకపోతే కొర్రీ వేస్తారు. నిజానికి చాలామంది పిల్లలకు ఫిజియో అక్కర్లేదు, ఆడుకుంటుంటే నెలల్లో చెయ్యి అదే వంగుతుంది. నూనె మర్దనాలకూ, బలవంతంగా వంచేవాళ్లకూ రూపాయి ఇవ్వకండి. కండరంలో ఎముక పెరిగి చెయ్యి ఇంకా బిగుసుకుపోయే ప్రమాదం ఉంది.

పెద్ద ఖర్చంటూ వస్తే ఏళ్ల తర్వాతే. ఈ విరుపు ఎముక ఎదిగే చోటు మీదుగా పోతుంది. సరిగా అతక్కపోతే చెయ్యి బయటివైపు వంకర తిరగొచ్చు, మోచేతి లోపలివైపు నుంచి వెళ్లే అల్నార్ నరం లాగి ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కొచ్చు. అందరికీ రాదు. వస్తే మాత్రం మళ్లీ ఆపరేషన్. దానికి ఎఫ్‌డీ కన్నా తెగని ఇన్సూరెన్స్ కావాలి.

గ్రూప్ కవర్ సాధారణంగా మీ చివరి పనిదినంతో పోతుంది. రాజీనామా ఇచ్చేముందే అదే ఇన్సూరెన్స్ కంపెనీలో కుటుంబ పాలసీకి మైగ్రేషన్ (మార్పు) అడగండి, పూర్తయిన వెయిటింగ్ కాలం (పాత జబ్బులకు క్లెయిం ఇవ్వని మొదటి గడువు) కలిసొస్తుంది. వాళ్లు ఒప్పుకోకపోతే కొత్త పాలసీ. పాత జబ్బుల వెయిటింగ్ ఇప్పుడు 36 నెలలు మించకూడదు. అంటే ఇవాళ మొదలుపెడితే పాపకు పదేళ్లు వచ్చేసరికి అయిపోతుంది. ప్రపోజల్ ఫారంలో సర్జరీ సంగతి తప్పక రాయండి. ప్రీమియం పెరుగుతుందనో, పాలసీ రాదనో దాస్తే రేపటి క్లెయిం అక్కడే ఆగిపోతుంది.

ఇంకొకటి. వంకర సరిచేసే ఆపరేషన్‌ను ‘అందం కోసం’ అని తోసిపుచ్చే ప్రయత్నం జరగొచ్చు. ప్రమాదం తర్వాత సరిచేసే చికిత్సకు ఆ మినహాయింపు వర్తించదు. కాబట్టి డిశ్చార్జి సమ్మరీలో ‘ఫ్రాక్చర్’ అని మాత్రమే ఉంటే, ఉయ్యాల నుంచి ఫలానా తేదీన పడిందని ఇప్పుడే చేర్పించండి. ఎక్స్‌రేలు సాఫ్ట్‌కాపీ తీసుకోండి.

3 లక్షల్లో 60 వేలు స్వీప్-ఇన్ ఎఫ్‌డీలో (సేవింగ్స్ ఖాతాతో ముడిపడి, అవసరమైనప్పుడు డబ్బు దానంతట అదే వచ్చేది) పెడితే చెకప్‌లకూ ఎక్స్‌రేలకూ చాలు. మిగిలింది ఇంటి అత్యవసర నిధిలో వేయండి. పాత పన్ను విధానంలో ఉంటే మీ ఆరోగ్య ఇన్సూరెన్స్ ప్రీమియానికి పన్ను లెక్కలో 25,000 వరకు తగ్గింపు ఉంది, కొత్త విధానంలో లేదు.