బాక్సులో దాచి తెచ్చిన గుడ్డు

కావలి నుంచి ఒకావిడ రాశారు. ఉత్తరం పెద్దది, కుదించి చెబుతాను. భర్త సిమెంటు కొట్లో గుమాస్తా. అద్దె, చీటీ, పిల్లవాడి ఫీజు పోను ఇంటి సరుకులకు ఆమె చేతికొచ్చేది నెలకు 6,500. తినేవాళ్లు అయిదుగురు: దంపతులు, అత్తగారు, ఎనిమిది చదివే కూతురు, మూడు చదివే కొడుకు. ఆదివారమైతే ఆడబిడ్డ కుటుంబం భోజనానికి వస్తుంది. ముప్పాతిక కిలో మాంసం, ఏడు వందలు, అదీ ఈ డబ్బులోంచే. ఈమధ్య రక్తపరీక్ష చేయిస్తే ఆమెకు హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది. "తక్కువ ఖర్చులో బలమైన తిండికి వారానికి సరిపడా పట్టిక రాసివ్వండి" అని అడిగారు. చివర్లో ఊరికే అన్నట్టు ఇంకో మాట: "మా పాప మాత్రం బంగారం. నాలాగే సర్దుకుపోయే గుణం. గవర్నమెంటు హైస్కూల్లో మధ్యాహ్నం పెట్టే గుడ్డు తినకుండా బాక్సులో పెట్టుకొచ్చి తమ్ముడికిస్తుంది. వాడిది ప్రైవేటు బడి, అక్కడ పెట్టరు కదా."

అమ్మా, ఆ చివరి మాటలు చదివి కాసేపు ఉత్తరం పక్కన పెట్టేశాను.

పట్టిక మీకు అక్కర్లేదు. రాగిసంగటి చేస్తున్నారు, పెరట్లో మునగాకు పప్పులో వేస్తున్నారు, వేరుశనగలు నానబెట్టి పిల్లలకిస్తున్నారు. నేను రాసినా ఇదే రాస్తాను. వంట మీకు తెలుసు. వండినది ఎవరి కంచంలోకి పోతోందన్నదే లెక్క తప్పింది. మీ మాటల్లోనే చెబుతాను: మూడు గుడ్లు ఉడకబెట్టి ఒకటి ఆయనకు, ఒకటి బాబుకు, మూడోదాన్ని దారంతో రెండు చెక్కలు చేసి అత్తగారికొకటి, పాపకొకటి. మీకు? "పులుసు చాలు, నాకది అలవాటే." ఆ అలవాటు ఖరీదే 8.4. ఆడవాళ్లకు 12 ఉండాలి.

మీరు మీ ఆయన మీద ఫిర్యాదు చేయలేదు, అత్తగారి మీదా చేయలేదు. నేనూ చేయను. ఆయన వేలు పెట్టి చూపించేంత చెడ్డవాడేం కాదు, మీ కంచం వైపు చూడడు, అంతే. దాని గురించి ఆయనతో ఒక్కసారి గట్టిగా మాట్లాడితే సరిపోతుంది. నాకు దిగులంతా మీకూ మీ కూతురికీ మధ్య జరుగుతున్నదాని గురించి. పదమూడేళ్ల పిల్ల. ఒళ్లు ఎదిగే వయసు, నెలనెలా రక్తం పోయే వయసు. ఇంట్లో అందరికంటే ఆ గుడ్డు ఎక్కువ కావలసింది దానికి. అది తన నోటి దగ్గరిది తీసి దాచిపెట్టుకొస్తే మీరు మురిసిపోయి బంగారం అన్నారు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి రేపు అన్నం కూడా సగమే తింటుంది. తమ్ముడి మీద ప్రేమ ఉండాలి, కాదనను. కానీ వాడు ఎప్పుడన్నా అక్కకు ఒక చెక్క ఇచ్చాడా? ఇమ్మని మీరెప్పుడన్నా అన్నారా?

మా అమ్మ కందుకూరులో అందరూ తిన్నాక గిన్నెకు అంటిన మాడు గీక్కుని, మజ్జిగ పోసుకుని తినేది. మాడంటేనే ఇష్టమని చెప్పేది, మేం నమ్మాం. నాకు అరవై దాటాయి. ఈ రోజుకీ ఇంట్లో ఎవరన్నా నన్ను ముందు తినమంటే ఏదో దొంగతనం చేస్తున్నట్టుంటుంది. ఆవిడ నాకు నేర్పాలని నేర్పలేదు, నేను చూసి నేర్చుకున్నానంతే.

ఇక డబ్బు. నాలుగు ఆదివారాల మాంసం 2,800. ఇరవై ఆరు రోజులు మీ అయిదుగురూ తినేది మిగతా 3,700తో. ఆడబిడ్డను రావద్దనమని చెప్పను. పుట్టింటికి ఆడపిల్ల వస్తుంది, రావాలి. వచ్చినప్పుడల్లా మాంసమే పెట్టాలని మాత్రం ఎక్కడా లేదు. జువ్వలదిన్నె వైపు నుంచి మీకు నెత్తళ్లు, కవళ్లు వస్తాయి కదా, మాంసం ధరలో ఏ మూలకు? కాలంలో మామిడికాయ వేసి పులుసు పెట్టండి, నెల్లూరు జిల్లాలో దానికి వంక పెట్టేవాళ్లెవరు? నెత్తళ్లు ముల్లుతో సహా తింటారు, ఎముకలకు మంచిది. నెలకు ఒక్క ఆదివారం మాంసం ఉంచుకోండి. ఒక ఆదివారం ఆగిపోయిన ఏడు వందలతో మూడు అట్టల గుడ్లు వస్తాయి, తొంభై. దారం అవసరముండదు.

ఇంకోటి. చౌకబియ్యంలో ప్లాస్టిక్ గింజలున్నాయని అత్తగారు చాటలో పోసి ఏరిస్తున్నారని రాశారు. అవి ప్లాస్టిక్ కాదమ్మా. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి మళ్లీ గింజల్లా చేసి, వందకొకటి చొప్పున కలిపినవి. అందుకే రంగు కొంచెం తేడా. రక్తం లేదని నాకు ఉత్తరం రాస్తూ, ఇంటికొచ్చిన ఐరన్‌ను ఏరి పారేస్తున్నారు. ఏరడం మానండి. ఎక్కువ నీళ్లతో వండి గంజి వార్చొద్దు, ఎసరు కొలిచి పోయండి. లావుబియ్యం పిల్లలు తినకపోతే దోసెపిండికి వేయండి, దివ్యంగా వస్తాయి. ఆకుకూర పప్పులో దించాక నిమ్మకాయ పిండండి, గూడూరు నిమ్మ మీ వైపుదే. అన్నం తిన్న వెంటనే టీ తాగుతారట, ఆ టీ గంట తర్వాతకు జరపండి. లేకపోతే తిన్న ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. అయినా 8.4 తిండితోనే పెరుగుతుందని కూర్చోకండి. ఆసుపత్రికి వెళ్లి డాక్టరు రాసిన మాత్రలు మానకుండా వేసుకోండి.

పాపతో ఏం చెప్పాలి? ఉపన్యాసం వద్దు. "నీ గుడ్డు బడిలోనే తిని రా, తమ్ముడికి ఇంట్లో నేను పెడతా" అనండి. రెండు రోజులు బాక్సు తెరిచి చూడండి. వచ్చే ఆదివారం అందరికీ వడ్డించి పొయ్యి దగ్గర నిలబడకుండా, మీరూ కంచం పెట్టుకుని దాని పక్కన కూర్చోండి. ముక్క వేసుకునే తినండి. అత్తగారు ఒక చూపు చూస్తారు, చూడనివ్వండి. పిల్ల కూడా చూస్తుంది.

పాపకూ రక్తపరీక్ష చేయించండి. మూడు నెలలయ్యాక ఇద్దరివీ మళ్లీ చేయించి, ఆ రెండు అంకెలూ రాయండి నాకు.