కెర్నల్ మారినా తెరుచుకునే వీఎం కావాలంటే

ఫెడోరా లినక్స్‌లో వారం వారం అప్‌డేట్లు చేస్తున్నారు, కెర్నల్ (సిస్టమ్‌కు గుండెలాంటి ప్రోగ్రామ్) మారినప్పుడల్లా వర్చువల్ మెషీన్ (వీఎం, అంటే కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్) మొరాయిస్తోంది, నమ్మకంగా నడిచేది ఏదని అడిగారు. లినక్స్ కెర్నల్‌లోనే ఉండే వీఎం సదుపాయం కేవీఎం వాడండి, దాన్ని నడపడానికి వర్ట్-మేనేజర్ అనే ప్రోగ్రామ్ పెట్టుకోండి. నేను ఇదే బాధ పడి ఇటు వచ్చాను.

నేను తెలుగు డీటీపీ చేస్తాను. పేజ్‌మేకర్, అను ఫాంట్ల కోసం విండోస్ కావాలి, మిగతా పనంతా లినక్స్‌లోనే. మొదట్లో వేరే వీఎం సాఫ్ట్‌వేర్ వాడేదాన్ని. ఒక శ్రావణ మాసంలో పెళ్లి కార్డు ప్రూఫ్ పొద్దున పదింటికల్లా ఇవ్వాలి. ముందు రాత్రి అప్‌డేట్ చేసి పడుకున్నాను. తెల్లారి లేచి వీఎం తెరిస్తే కెర్నల్ మాడ్యూల్ (కెర్నల్‌కు తగిలించే అదనపు ముక్క) లోడ్ కాలేదన్న మెసేజ్. ఫెడోరా మామూలుగా మూడు కెర్నళ్లను ఉంచుతుంది కాబట్టి కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాతదాన్ని ఎంచుకుని గట్టెక్కాను. ప్రూఫ్ ఇచ్చేశాను గానీ, ఆ టెన్షన్ మళ్లీ పడకూడదనుకున్నాను.

సొంత మాడ్యూల్‌ను కెర్నల్ బయట ఉంచుకునే సాఫ్ట్‌వేర్ ఏదైనా, కెర్నల్ మారిన ప్రతిసారీ ఆ మాడ్యూల్‌ను మళ్లీ కంపైల్ చేయాలి, అంటే కొత్త కెర్నల్‌కు తగ్గట్టు తయారుచేయాలి. డీకేఎంఎస్ లాంటి టూల్స్ ఆ పని వాటంతటవే చేస్తాయి. కానీ కొత్త కెర్నల్ లోపలి ఫంక్షన్లు మారితే అసలు కంపైల్ అవ్వదు, తయారీదారు సవరణ ఇచ్చేదాకా ఎదురుచూడాలి. సంతకం లేని మాడ్యూళ్లను అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే మాడ్యూల్‌కు డిజిటల్ సంతకం చేసే పని అదనం. కేవీఎం 2007లో 2.6.20 వెర్షన్‌తోనే కెర్నల్‌లో చేరిపోయింది. కెర్నల్‌తో పాటే తయారై, కెర్నల్‌తో పాటే వస్తుంది. మీలా తరచూ అప్‌డేట్ చేసేవాళ్లకు ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

పాత విండోస్‌ను వదులుకోనక్కర్లేదు. నేను జాగ్రత్తగా చేసింది ఇక్కడే, మీరూ తొందరపడకండి. ముందు పాత వీఎంలో దాని గెస్ట్ టూల్స్ (లోపలి విండోస్ కోసం ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చే అదనపు ప్రోగ్రామ్‌లు) తీసేసి, పూర్తిగా షట్‌డౌన్ చేయండి. డిస్క్ ఫైల్‌కు ఒక కాపీ పక్కన పెట్టుకోండి. తర్వాత క్యూఈఎంయూ-ఐఎంజీ అనే కమాండ్‌తో దాన్ని కేవీఎంకు నప్పే క్యూకౌ2 ఫార్మాట్‌లోకి మార్చండి. పాత వీఎం పాతతరం బయోస్‌తో బూట్ అయ్యేదా, కొత్తతరం యూఈఎఫ్ఐతోనా చూసుకుని కొత్తదాంట్లోనూ అదే ఎంచుకోండి. డిస్క్‌ను మొదట మామూలు సాటా డిస్క్‌గానే తగిలించండి. నేరుగా వర్టిఓ (వీఎంల కోసమే చేసిన వేగమైన పద్ధతి) పెడితే విండోస్‌కు ఆ డ్రైవర్ ఉండదు, బ్లూ స్క్రీన్ వస్తుంది. సాటాతో బూట్ అయ్యాక ఒక జీబీ ఖాళీ డిస్క్‌ను వర్టిఓగా జోడించి, వర్టిఓ-విన్ అనే ఐఎస్ఓ (సీడీ ఇమేజ్) ఫైల్ నుంచి డ్రైవర్లు వేయండి. ఆ చిన్న డిస్క్ విండోస్‌కు కనిపించాకే అసలు డిస్క్‌ను వర్టిఓకు మార్చండి. వేగంలో తేడా బాగా తెలుస్తుంది.

విండోస్ 11 కొత్తగా వేసుకోవాలంటే టీపీఎం అనే సెక్యూరిటీ చిప్ అడుగుతుంది. ఆ చిప్‌ను సాఫ్ట్‌వేర్‌తో అనుకరించే ఎస్‌డబ్ల్యూటీపీఎం ప్యాకేజీ ఉంటే వర్ట్-మేనేజర్‌లోనే దాన్ని జోడించవచ్చు. లినక్స్‌కూ విండోస్‌కూ మధ్య కాపీ-పేస్ట్ పనిచేయాలంటే విండోస్‌లో స్పైస్ గెస్ట్ టూల్స్ వేయండి. ఫైళ్లు పంచుకోవడానికి నేను సాంబా అనే నెట్‌వర్క్ షేరింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. ప్రింటర్‌ను యూఎస్‌బీ ద్వారా నేరుగా వీఎంకే ఇచ్చేశాను.

లోటు లేదని చెప్పను. కేవీఎంలో నడిచే విండోస్‌లో 3డీ గ్రాఫిక్స్ బలహీనం. మీ పని ఆటోక్యాడ్ 3డీ లాంటిదైతే వీఎంవేర్ వర్క్‌స్టేషన్ మెరుగు, అప్పుడు అప్‌డేట్లు కాస్త ఆలస్యంగా చేసుకోవాలి. పేజీలు పెట్టుకునే నాలాంటివాళ్లకు ఆ అవసరమే రాదు.

మొదలుపెట్టే ముందు బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఇంటెల్‌లో వీటీ-ఎక్స్ అనీ, ఏఎండీలో ఎస్‌వీఎం అనీ ఉంటుంది. పెద్ద అప్‌డేట్‌కు ముందు వీఎం ఆపి ఆ క్యూకౌ2 ఫైల్‌ను బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. నేను ప్రతి పెళ్లిళ్ల సీజన్‌కు ముందు ఆ పని తప్పకుండా చేస్తాను.