ఆయన తానం పొద్దుగూకినాక, నాది పొద్దు పొడవకముందు

ప్రశ్న: మాది నల్లగొండ టౌన్. నా వయసు 26. నాన్న ఉద్యోగి. పొద్దున్నే తానం చేయకుండా పొయ్యి ముట్టించడం మా అమ్మ ఎరగదు, నేనూ ఎరగను. ఏడు నెలల కింద హాలియా దగ్గరి ఊరికి కోడలిగా వచ్చాను. మా ఆయన మంచివాడు, ఆరెకరాల వరి చేస్తాడు. కానీ పొద్దున ముఖం కడుక్కుని పొలానికి పోతాడు, మధ్యాహ్నం కాళ్లూ చేతులూ కడుక్కుని అన్నానికి కూర్చుంటాడు. తానం రాత్రి ఎనిమిదింటికే. పొలంలో తలకు చుట్టుకున్న తువ్వాలతోనే ఒళ్లు తుడుచుకుంటాడు, కాసేపటికి మళ్లీ అదే వాసన. మొన్న ఆడబిడ్డా, ఆమె భర్తా వచ్చినప్పుడు భోజనాల దగ్గర ‘తానం చేసి కూర్చోండి, వాసన వస్తోంది’ అన్నాను. కంచం ముందు నుంచి లేచిపోయాడు. ‘చెమట పడనోళ్లు మట్టిల పనిచేసేటోన్ని ఎందుకు చేసుకున్నరు’ అంది అత్త. నా పౌడర్ వాసనకు ఆమెకు తలనొప్పి వస్తదట. అప్పటి నుంచి ఆయన వరండాలో మంచం వేసుకుని పడుకుంటున్నాడు. శుభ్రంగా ఉండమనడం తప్పా?

సలహా: తప్పు కాదమ్మా. నలుగురిలో అనడమే తప్పు. అందులోనూ ఇంటల్లుడి ముందు, అన్నం ముందు. మీరు ఒంటి వాసన గురించే అన్నారు. ఆయనకు మాత్రం తన పనినీ, తన పుట్టుకనూ అన్నట్టు తాకింది. మన పల్లెల్లో ‘వాసన’ అనేది చిన్న మాట కాదు. కాయకష్టం చేసేవాళ్లను తరతరాలుగా గడప అవతల నిలబెట్టడానికి వాడిన మాటల్లో అదొకటి. మీ మనసులో అలాంటి ఉద్దేశం లేదని మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. కానీ ఆ మాట బరువు ఆయనకు తెలుసు, మీ అత్తకు ఇంకా బాగా తెలుసు. అందుకే ఆమె జవాబు అంత సూటిగా వచ్చింది.

ఇక తానం సంగతి. మీ ఇంట్లో అది రోజు మొదలుపెట్టడానికి: దీపం, పొయ్యి, ఆఫీసు. వాళ్లింట్లో అది రోజును కడిగేసుకోవడానికి. నేను పుట్టింది పాలమూరు దిక్కు. మా నాన్న పని నుంచి వచ్చేసరికి అమ్మ వాకిట్లో గోలెం పక్కన ఇత్తడి బకెట్‌లో కాగిన నీళ్లు పెట్టేది. నాన్న ఒంటి మీద మొదటి చెంబు పోసుకుంటే కింద బండ మీద నీళ్లు ఎర్రగా పారేవి. మూడో చెంబుకో నాలుగో చెంబుకో తేటపడేవి. అవి తేటపడేదాకా ఆయన లోపల అడుగుపెట్టేవాడు కాదు. పొద్దున తానం చేయలేదని మా నాన్నను ఎవరైనా మురికి మనిషి అంటే నాకు ఎలా ఉండేదో ఊహించుకోండి.

జపాన్‌లో కూడా ఎక్కువమంది తానం రాత్రిపూటే. ముందు బయట కూర్చుని సబ్బుతో ఒళ్లంతా రుద్ది కడుక్కుని, ఆ తర్వాతే వేడినీళ్ల తొట్టిలో దిగుతారు. ఒళ్లు కడుక్కోకుండా పక్క ఎక్కితే వాళ్లకు పడదు. ఆ లెక్కన పొద్దున తానం చేసి, పగలంతా వంటింట్లో చెమటోడ్చి, అలాగే పడుకునేవాళ్లను వాళ్లు తప్పుపడతారు. మీరు రాత్రి మళ్లీ చేస్తున్నారో లేదో రాయలేదు. మీరే ఆలోచించండి.

వాసన ఎక్కడి నుంచి వస్తుందో కూడా తెలుసుకోవాలి. ఒంటి నిండా పట్టే చెమటలో ఎక్కువ భాగం ఉప్పునీరే, దానికి పెద్దగా వాసన ఉండదు. చంకల్లో, గజ్జల్లో ఉండే గ్రంథులు వేరు. అవి యుక్తవయసులో పనిచేయడం మొదలుపెడతాయి. వాటి నుంచి వచ్చే జిడ్డును చర్మం మీది బ్యాక్టీరియా విరగ్గొట్టినప్పుడు వాసన పుడుతుంది. పుట్టుకతో వచ్చే తేడాలూ ఉంటాయి. చెవి గుబిలి తడిగా ఉంటుందా, పొడిగా ఉంటుందా అన్నది ఒకే జన్యువు మీద ఆధారపడుతుందని 2006లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. చంకల వాసనకూ అదే జన్యువుతో సంబంధం ఉంది. కొరియా లాంటి చోట్ల చాలామందికి ఆ వాసన దాదాపు ఉండదు. అలాగని వాళ్లు మనకంటే ఎక్కువసార్లు తానం చేస్తారని కాదు.

ఇంకొకటి, ముక్కు తొందరగా అలవాటు పడిపోతుంది. తన వాసన ఆయనకు నిజంగానే తెలియదు. మీ పౌడర్ ఎంత ఘాటో మీకు తెలియనట్టే. అత్త తలనొప్పిని సాకు అనుకోకండి. కొన్నాళ్లు పౌడర్ తగ్గించండి.

ఇప్పుడు మీరు రాసినదాంట్లో నాకు గట్టిగా పట్టుకున్న విషయం ఆ తువ్వాల. పగలంతా తలకు చుట్టి, చెమట పీల్చుకుని, సరిగా ఆరని బట్టతో కడిగిన ఒళ్లు తుడిస్తే పోయిన వాసన మళ్లీ ఒంటికే వస్తుంది. లోపం ఆయన తానంలో లేదు, తువ్వాలలో ఉంది. పొలానికి ఒకటి, ఇంటికి రెండు పెట్టండి. రోజూ ఉతికి, నీడలో కాదు, ఎండలో దండెం మీద ఆరేయండి. అంగీలూ చూడండి. విత్తనాల కంపెనీలు, పార్టీలు ఊరికే పంచే టీషర్టులు ఎక్కువగా పాలిస్టర్‌వే. అవి వాసనను పట్టుకుని వదలవు. పొలానికి పాత నూలు చొక్కాలే మేలు. తానం తర్వాత తడి చంకల్లో పటిక ముక్క రుద్దుకుంటే చాలావరకు తగ్గుతుంది. చెమట తగ్గించే రోల్ ఆన్‌లలో కూడా ఆ జాతి అల్యూమినియం లవణాలే ఉంటాయి. గజ్జల్లో గుండ్రంగా దురద మచ్చలుంటే అది తామర. ఒకే తువ్వాల ఇద్దరూ వాడితే మీకూ అంటుకుంటుంది. డాక్టర్‌కు చూపించండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చే స్టెరాయిడ్ కలిసిన మలాములు పూస్తే అది ముదురుతుంది.

ఒక్క విషయంలో మాత్రం మీరు పట్టుబట్టాలి. పొలంలో పురుగుమందు కొట్టిన రోజు రాత్రి ఎనిమిది దాకా ఆగకూడదు. రాగానే, అన్నం ముట్టకముందే సబ్బుతో తానం చేయాలి, ఆ బట్టలు విడిగా ఉతకాలి. పురుగుమందు చర్మం నుంచి కూడా ఒంట్లోకి పోతుంది. ఇది ఆయన ప్రాణానికి సంబంధించిన మాట కాబట్టి అలాగే చెప్పండి, వాసన పేరు ఎత్తకండి. మిగతా రోజుల్లో, పొలంలో బోరు ఉంటే మధ్యాహ్నం మోటరు కింద నాలుగు నీళ్లు పోసుకుని రావడం ఆయనకు కష్టం కాదు. సద్దితో పాటు ఒక సబ్బు, పొడి చొక్కా పెట్టి పంపండి. ఎందుకు పెట్టారో ఆయనకు అర్థమవుతుంది.

ఇవన్నీ రెండో పని. మొదటిది, మాట వెనక్కి తీసుకోవడం. నలుగురిలో అన్నారు కాబట్టి గదిలో సారీ చెబితే సరిపోదు. ఆడబిడ్డకు ఫోన్ చేసి, ఆయన వినేటట్టు, ‘ఆ రోజు అన్నం ముందు నుంచి మీ తమ్ముణ్ని లేపాను వదినా, తప్పు నాది’ అనండి. అంతకుమించి వివరించకండి, ‘కానీ’ అని మొదలుపెట్టకండి.

మంచం లోపలికి తెచ్చుకొమ్మని మీరు అడగొద్దు. ఆ మాట ఆయన నోటి నుంచే రానివ్వండి. అందాకా రాత్రి రెండు కంచాలూ వరండాలోకే తీసుకెళ్లండి, ఆయనతో పాటు అక్కడే తినండి.