ఉద్యోగం పోతుంటే టర్మ్ పాలసీ ఆపుతారా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, వయసు 41. ఈ నెల 28తో తీసేస్తున్నారు. సెటిల్‌మెంట్ 4 లక్షలు వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 38 వేలు. కోటి రూపాయల టర్మ్ పాలసీకి వచ్చే నెల 24 వేలు కట్టాలి. ఈ ఏడాదికి అది ఆపేసి, లోన్ యాప్‌లో 2 లక్షలు తీసుకుని ఈఎంఐలు నెట్టుకొద్దామనుకుంటున్నా. నా భార్యకు షుగర్. తనకింకా ఈ సంగతి చెప్పలేదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: ప్రీమియం ఆపకండి. టర్మ్ పాలసీ అంటే మీరు పోతే ఇంటివాళ్లకు డబ్బొచ్చే బీమా. జీతం ఆగగానే చాలామంది ముందు ఎగ్గొట్టేది దీన్నే, అందుకే మీ ప్రశ్న తీసుకున్నాను. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1980ల మొదట్లో, ఏళ్ల తరబడి చేసిన ఉద్యోగం పోయిన మగవాళ్ల రికార్డులను సల్లివాన్, వాన్ వాక్టర్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించి 2009లో ప్రచురించారు. ఉద్యోగం పోయిన తర్వాతి ఏడాదిలో వాళ్లలో మరణాలు ఉండాల్సినదానికంటే 50 నుంచి 100 శాతం ఎక్కువ. ఇరవై ఏళ్లయినా 10-15 శాతం ఎక్కువే. మాంద్యంలో రోడ్డు ప్రమాదాల్లాంటివి తగ్గి మొత్తం మరణాలు కాస్త తగ్గుతాయని క్రిస్టఫర్ రూమ్ అనే ఆర్థికవేత్త 2000లో చూపించిన మాట నిజమే. కానీ ఆ లెక్కల్లోనే ఆత్మహత్యలు పెరిగాయి. పైగా అది అందరినీ కలిపి వేసిన సగటు. ఉద్యోగం పోతున్నది మీకు.

ఒకావిడ పాలసీ బాండు పట్టుకుని నా దగ్గరికొచ్చారు. దాని మీద భర్త పెన్సిల్‌తో ‘జూన్‌లో కట్టాలి’ అని రాసుకున్నాడు. ఏప్రిల్‌లో ఉద్యోగం పోయింది, ఆగస్టులో గుండెపోటు. గడువు దాటాక కట్టడానికి ఇచ్చే 30 రోజుల గ్రేస్ జులైలోనే అయిపోయింది. పైసా రాలేదు. తర్వాత కట్టుకోవచ్చులే అనుకోవద్దు. కట్టక పాలసీ ల్యాప్స్ అయ్యాక, అంటే ఆగిపోయాక, మళ్లీ మెడికల్ టెస్టులు అడగొచ్చు, ఈలోగా బీపీ వస్తే కాదనొచ్చు కూడా.

లోన్ యాప్ మాటే ఎత్తొద్దు. 2020 చివర్లో వాళ్ల వేధింపులు తట్టుకోలేక తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. జీతం లేని మనిషి అప్పు తెచ్చి అప్పు కట్టడమేంటండీ? బ్యాంకుకెళ్లి విషయం చెప్పి, గడువు పెంచి ఈఎంఐ తగ్గించమని అడగండి. సెటిల్‌మెంట్‌లోంచి ముందు ఆ 24 వేలు పక్కన పెట్టండి, మిగతాది ఇంటి ఖర్చుకే.

కంపెనీ మెడిక్లెయిమ్ కూడా ఉద్యోగంతోనే పోతుంది. అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారతామని 28 లోపే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి. కొత్తగా తీసుకుంటే మీ ఆవిడ షుగర్‌కు మూడేళ్ల దాకా వెయిటింగ్ పడొచ్చు, అంటే అప్పటిదాకా ఆ జబ్బు ఖర్చులు ఇవ్వరు.

నిద్ర పట్టడం లేదన్నారు, ఈ వారమే డాక్టరుకు చూపించుకోండి. ఇంట్లో ఆవిడకు ఈ రాత్రే చెప్పండి. పాలసీ కాగితాలు బీరువాలో ఎక్కడున్నాయో కూడా చూపించండి.